సముద్రం వైపు బోర్డు

మావయ్య గారు పోయారన్న కబురు నాకు మొవ్వలో, బడి గ్రౌండులో, నోట్లో విజిల్ ఉండగా వచ్చింది. నేను అక్కడ పి.ఈ.టి.ని. ఫోను చేసింది అత్తయ్య గారే. "మీ మావయ్య వెళ్ళిపోయారమ్మా. కాఫీ కలుపుకుని వచ్చేసరికే" అన్నారు. గొంతులో ఏడుపు లేదు. ఎనిమిది నెలలుగా రోజుకింత చొప్పున ఏడ్చేసి ఉంటారు. "వస్తున్నానండీ" అని ఫోను జేబులో పెట్టుకున్నాను. ఎదురుగా ఎనిమిదో తరగతి పిల్లలు ఖోఖో ఆడుతున్నారు. అప్పుడు నేను చేసిన పని వింటే నవ్వుతారు. తల పూర్తిగా తిప్పి గ్రౌండుకి ఎడమ పక్కన ఏముందో చూశాను. సైకిల్ స్టాండు తప్ప అక్కడ ఏమీ లేదు. ఉండదని తెలుసు. అయినా చూశాను. ఏడాదిగా నాకిదే రోగం.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో నాలుగు లైన్లు వేశారు. మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు, క్రీడా వ్యాఖ్యాత, అనారోగ్యంతో కన్నుమూత. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ అనారోగ్యం ఆయన మీదికి ఏ పక్కనుంచి వచ్చిందో, వస్తుంటే పక్కనే కూర్చుని ఎవరు చూశారో ఆ నాలుగు లైన్లలో లేదు. చూసింది నేను. చూసి చెప్పలేదు. ఈ సంగతి అత్తయ్య గారితో ఎలా చెప్పాలా అని పదకొండు రోజులు తిండి సయించక తిరిగాను. అది దాచిపెట్టి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసి చేతులు దులుపుకోవడం నా వల్ల కాదు.

మావయ్య అన్నానే గానీ ఆయనకీ మాకూ చుట్టరికం లేదు. మాది పెడన, బట్ట మీద అచ్చులు వేసే ఇల్లు. ఆయనది బందరు. ఆరడుగుల పైన మనిషి. గుమ్మాలకి వంగి వంగి అలవాటై, గది మధ్యలో కూడా కాస్త వంగే నిలబడేవారు. ఆడే రోజుల్లో రాష్ట్ర జట్టుకి ఆడారు. ఎడమ పక్క గీత వెంట దూరాడంటే ఆపే మగాడు లేడని బందరు బస్టాండు దగ్గర టీ కొట్లో ముసలివాళ్ళు ఇప్పటికీ చెప్తారు. సిమెంటు కోర్టు మీద ఒకరోజు ఎగిరి దిగినప్పుడు మోకాలు తిరిగిపోయింది. "ముందు రోజే చెప్పిందమ్మాయ్ మోకాలు. నేనే వినలేదు" అనేవారు. నవ్వులాటకి అంటున్నారనుకునేదాన్ని.

ఆయన చేతిలో మైకు పెట్టింది గుడివాడ. కాలికి కట్టుతో టోర్నమెంటు చూద్దామని వెళ్తే, మైకులో చెప్పాల్సినాయన రాలేదట, దారిలో బస్సు ఆగిపోయింది. "ఊరికే కూర్చున్నావుగా, నువ్వు చెప్పు" అన్నారట నిర్వాహకులు. చెప్పారు. ఆ రోజు జనం ఆట చూడ్డం మానేసి తన నోటి వంకే చూశారని ఆయనే చెప్పుకునేవారు. గొప్పలకి ఆయనేం తక్కువ కాదు. అక్కణ్ణించి రేడియో, రేడియో నుంచి కేబుల్ టీవీ, ఈమధ్య సెల్‌ఫోన్‌లో లైవ్. ముప్పై ఏళ్ళ పైమాట. క్రికెట్‌కి రమ్మని ఎంతమంది పిలిచినా వెళ్ళలేదు. "అందులో ఆలోచించుకునే టైముంటుంది. ఆలోచిస్తే నాకు మాట రాదు" అనేవారు.

ఆయన చెప్పే పద్ధతి వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నది. ఆవిడ అవనిగడ్డలో ఉండేది. చూపు పోయింది. సెలవులకి వచ్చిన మనవణ్ణి అరుగు మీద కూర్చోబెట్టుకుని, వీధిలో ఏం జరుగుతోందో చెప్పమనేదట. బండి వస్తోందంటే చాలదు. ఎటునుంచి వస్తోంది, ఎటు పోతోంది అని ప్రాణం తీసేదట. మైకు పట్టుకున్నాక కూడా ఆయన ఆవిడకే చెప్పేవారు. ఏ ఊరు వెళ్ళినా ఆటకి గంట ముందు కోర్టు చుట్టూ నడిచి, అటేముంది, ఇటేముంది అని అడిగి తెలుసుకుని, బాస్కెట్లు కట్టిన రెండు బోర్డులకీ పేర్లు పెట్టేవారు. గుడివాడలో కాలవ వైపు బోర్డు, రైలు గేటు వైపు బోర్డు. చల్లపల్లిలో కోట వైపు, బస్టాపు వైపు. బందరులో బస్టాండు వైపు, సముద్రం వైపు. మైకులో ఎడమ, కుడి అనడం ఆయనకి గిట్టదు. "ఎవరికి ఎడమ? వింటున్నావిడ ఎటు తిరిగి కూర్చుందో నాకేం తెలుసు?" అనేవారు. సముద్రం వైపు అంటే మాత్రం దివిసీమలో ఏ మూలనున్నవాడికైనా తెలుస్తుంది. సముద్రం ఏ దిక్కునుందో మర్చిపోయి మా వైపు ఎవరూ నిద్రపోరు.

నేను ఆయన కంటపడింది కాలేజీ జట్టులో ఆడేటప్పుడు. ఒక మ్యాచిలో బాస్కెట్ వేశానని మైకులో నా పేరు చెప్పి మెచ్చుకున్నారు. వేసింది నేను కాదు, మా పదకొండో నెంబరు. ఆట ఆగగానే బల్ల దగ్గరికి వెళ్ళి, "అది నాది కాదండీ, దానిది" అన్నాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, "ఎవరూ చూడలేదు కదమ్మా, ఉంచుకోవచ్చుగా" అన్నారు. "నేను చూశానుగా" అన్నాను. పొగరుగానే అన్నాను. మర్నాటినుంచి ఆయన పక్క కుర్చీ నాది. పద్దెనిమిదేళ్ళు కూర్చున్నాను.

ఆ కుర్చీలో పని చీటీలు రాయడం. బంతి ఎక్కడుంటే ఆయన కళ్ళు అక్కడుంటాయి, మిగతా కోర్టంతా నేను చూడాలి. ఎవరు కుంటుతున్నారు, ఎవరు కోచ్‌తో గొడవపడుతున్నారు, ఎవరికి నాలుగో ఫౌలు పడింది, చిన్న కాయితం మీద రాసి ఆయన ఎడమ చేతి దగ్గర పెట్టాలి. ఆయన మాట తెగకుండా తీసి, ఓ చూపు చూసి, తనకి అప్పుడే కనపడినట్టు చెప్పేసేవారు. వినేవాళ్ళు ఈయనకి నాలుగు కళ్ళనుకునేవారు. "బంతి లేని చోట చూడమ్మాయ్. బంతి దగ్గర జరిగేది ఊరంతా చూస్తుంది" అనేవారు. ఇంకో మాటైతే రోజుకి పదిసార్లు. "చూసింది చెప్పు. అనుకున్నది కాదు, చూసింది." గొంతు కోసం బుగ్గన ఎప్పుడూ పటికబెల్లం ముక్క ఉండేది. నాకు కోపమొచ్చిన రోజు నాకూ ఒక ముక్క పెట్టేవారు. నాకు దాదాపు రోజూ కోపమొచ్చేది.

ఆట మొత్తంలో ఒక్క నిమిషం కూడా కోర్టులోకి దిగని పిల్లల పేర్లు, బెంచీ మీద కూర్చున్నవాళ్ళవి, ఒక్కరినీ వదలకుండా చెప్పేవారు. "వాళ్ళ ఇళ్ళలో మాత్రం రేడియో ఉండదా?" అనేవారు. ఇలాంటివి ఆయన దగ్గర నేను నేర్చుకున్నవి చాలా ఉన్నాయి. మనిషిని ఎలా చూడాలో ఆయనే నేర్పారు. అందుకే నాకు తెలియలేదని అనుకునే వీలు లేదు.

పోయిన ఏడు కార్తీకంలో బందరులో మ్యాచి. సాయంత్రం నాలుగింటికి మొదలైంది. మేం కూర్చునే బల్లకి సముద్రం వైపు బోర్డు ఎడమ పక్కన ఉంటుంది. మొదటి క్వార్టర్‌లోనే నాకేదో తేడాగా అనిపించింది. మా నాన్న అచ్చులు వేసే మనిషి. రెండో రంగు వెంట్రుకవాసి పక్కకి పడితే దూరాన్నుంచే పట్టేస్తాడు. ఆ చూపు నాకూ కాస్త వచ్చింది. అయినా ఆ తేడా ఏంటో తెలియడానికి ఇంకో క్వార్టర్ పట్టింది. సముద్రం వైపు బోర్డు ఆయన మాటల్లోంచి పోయింది. బస్టాండు వైపు జరిగింది జరిగినట్టు, కారే చెమటతో సహా చెప్తున్నారు. బంతి మధ్య గీత దాటి అటు వెళ్ళగానే మాట నెమ్మదిస్తోంది. స్కోరుబోర్డు మీద అంకె మారాక "రెండు పాయింట్లు" అంటున్నారు. ఎవరు వేశారో లేదు, ఎలా వేశారో లేదు.

చీటీ రాసి ఆయన ఎడమ చేతి దగ్గర పెట్టాను. తీయలేదు. ఇంకొకటి పెట్టాను. అదీ అలాగే ఉంది. నాలుగు చీటీలు ఒకదానిమీద ఒకటి పేరుకున్నాయి. విరామం పడ్డాక మోచేత్తో పొడిచాను. ఆయన ఉలిక్కిపడి, తల మొత్తం తిప్పి నన్ను చూశారు.

"నువ్వెప్పుడొచ్చావమ్మాయ్?"

నేను వచ్చి గంట దాటింది. రాగానే ఆయన పెట్టిన పటికబెల్లం తీపి ఇంకా నా నోట్లోనే ఉంది.

"ఇప్పుడేనండీ" అన్నాను. అటు గాలి బాగా వస్తోందని చెప్పి, కుర్చీ తీసుకెళ్ళి ఆయన కుడి పక్కన వేసుకున్నాను. చీటీలు కుడి చేతి దగ్గర పెట్టడం మొదలుపెట్టాను. వెంటవెంటనే తీశారు. సముద్రం వైపు బోర్డు మళ్ళీ మాటల్లోకి వచ్చింది. "అదిగో ఏడో నెంబరు, ఇద్దర్ని తప్పించుకుని..." అని, కళ్ళారా చూస్తున్నట్టే చెప్పారు. ఆ మాటలు నావి.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. భయపడ్డానన్నది నిజం, కానీ భయం ఒక్కటే కాదు. అన్నేళ్ళు పక్కన కూర్చుని చీటీలు రాసినదానికి మొదటిసారి సగం ఆట నా చేతికొచ్చింది. అంతమంది వింటున్న గొంతులో సగం నా మాటలు. అది నాకు బాగుంది. ఇంకొకటి కూడా ఉంది. ఫాల్గుణంలో బందరులో పెద్ద టోర్నమెంటు, టీవీలో రాష్ట్రమంతా వచ్చేది. చాలా ఏళ్ళ తర్వాత ఆయన్ని పిలిచారు. ఆయన కొత్త చొక్కా గుడ్డ కూడా కొనుక్కున్నారు. డాక్టరు మాట ఎత్తితే ఆ కుర్చీ ఇంకెవరికో పోతుంది, దాంతోపాటు నాదీ పోతుంది. టోర్నమెంటు అయ్యాక చెబుదాంలే అనుకున్నాను. వయసొచ్చింది కదా, శుక్లాలేమోలే అనుకున్నాను. చూసింది చెప్పమన్న మనిషి పక్కన కూర్చుని, అనుకున్నదానితో సరిపెట్టుకున్నాను.

మర్నెల గుడివాడ. నా చీటీ ఆలస్యమైన చోటల్లా మాటలో ఖాళీ పడుతోంది. టీ తెచ్చినాయన గ్లాసులు పెడుతూ, "ఏంటండీ, కాలవ వైపు బోర్డు పీకేశారా? ఫోన్లో వింటుంటే అటు ఎవరూ ఆడుతున్నట్టే లేదు" అని నవ్వాడు. మావయ్య గారు నవ్వలేదు. "ఇవాళ అటు ఆటే లేదయ్యా" అన్నారు, నిజంగా నమ్మి. ఆ రోజు ఎక్కువ బాస్కెట్లు పడింది కాలవ వైపే. నేను టీ ఆయన మీద ఇంతెత్తున లేచాను. తన పని తను చూసుకోమన్నాను. ఆ నాలుగు నెలల్లో ఉన్నమాట అన్నవాడు అతనొక్కడే, అతన్నే తిట్టాను.

మాఘంలో చల్లపల్లి వెళ్ళాం. మ్యాచి పెట్టినవాళ్ళింట్లో మధ్యాహ్నం భోజనం. అరిటాకులు వేశారు. మావయ్య గారికి చింతకాయ పచ్చడంటే ప్రాణం, అది తెలిసి ప్రత్యేకంగా చేయించి ఆకు ఎడమ కొసన వేశారు. ఆయన ఆకులో కుడి సగం శుభ్రంగా తిని, గీత గీసినట్టు మధ్యలో ఆగిపోయారు. పచ్చడి, కంద బచ్చలి కూర, ఒక గారె అటు పక్కన వేసినవి వేసినట్టే ఉన్నాయి. మారు వడ్డించబోయిన ఇల్లాలు చిన్నబుచ్చుకుంది.

"పచ్చడి బాలేదా అన్నయ్య గారూ?"

"పచ్చడి వేయందే ఎలా చెప్పనమ్మా" అన్నారాయన నవ్వుతూ.

ఆవిడ నా వంక చూసింది. "ఆయనకి కడుపులో మంటండీ, పచ్చళ్ళు మానేశారు. మిమ్మల్ని ఆటపట్టిస్తున్నారు" అన్నాను. తడుముకోకుండా వచ్చిందా అబద్ధం. మావయ్య గారు కూడా నా వంక చూశారు. కోపంగా కాదు. చీటీ మీద నా అక్షరం అర్థం కానప్పుడు ఎలా చూసేవారో అలా చూశారు.

తిరుగు ప్రయాణం ఆయన స్కూటరు మీద. రోడ్డుకి ఎడమ పక్క కాలవ, నిండుగా ఉంది. కొంతదూరం వెళ్ళాక స్కూటరు మెల్లగా అటు జరగడం మొదలైంది. తారు దాటి మట్టి మీదికి వచ్చింది.

"కొంచెం కుడికి రండి మావయ్య గారూ."

"కుడికే ఉన్నాను కదా."

వెనకనుంచి మోపిదేవి యాత్రికుల బస్సు హారన్ కొట్టుకుంటూ వచ్చింది. దారివ్వడానికి ఆయన ఎడమకి తిప్పారు. అటు దారి లేదు, నీళ్ళున్నాయి. ఆయన చంక కిందనుంచి చేతులు పోనిచ్చి హ్యాండిలు లాగాను. స్కూటరు గట్టు రాయికి కొట్టుకుని ఆగింది. ముందు చక్రం కింద మట్టిపెళ్ళ విరిగి కాలవలో పడింది. ఆయన ఎదురుగానే చూస్తూ, "ఏంటమ్మాయ్ ఆ చప్పుడు?" అన్నారు.

అక్కణ్ణించి బందరు దాకా నేనే నడిపాను. ఆయన వెనక కూర్చున్నారు. ఇంటి దగ్గర దిగి లోపలికి వెళ్తూ ఎడమ భుజం గుమ్మానికి గట్టిగా కొట్టుకున్నారు. తగిలినట్టు కూడా తెలియలేదు, అలాగే వెళ్ళిపోయారు. అత్తయ్య గారు వాకిట్లోనే ఉన్నారు. నేను ఆవిడ మొహం చూడలేకపోయాను. ఆవిడ కూడా నన్నేమీ అడగలేదు.

ఫాల్గుణం వచ్చింది. బందరు కోర్టు చుట్టూ టీవీ వాళ్ళ వైర్లు పాములు పడుకున్నట్టు పడున్నాయి. మావయ్య గారు కొత్త చొక్కాలో వచ్చారు. ఎడమ బుగ్గ మీద గడ్డం అలాగే ఉంది. కుడి బుగ్గ నున్నగా గీసుకున్నారు. నేను కెమెరా అతన్ని బతిమాలి కుడి పక్కనుంచి తీయించాను. చూశారా, అక్కడిదాకా వెళ్ళాను.

ఫైనల్ మ్యాచి చివరి నిమిషాలు. సముద్రం వైపు బోర్డు కింద తొమ్మిదో నెంబరు ఆటగాడు ఎగిరి దిగాడు. దిగినప్పుడు వచ్చిన చప్పుడు బల్ల దాకా వినపడింది. కాలు ఉండాల్సిన పక్కకి లేదు. జనం ఒక్కసారిగా నోరు మూసుకున్నారు. రిఫరీ పరిగెత్తాడు. నేను ఆ కాలు వంకే చూస్తూ ఉండిపోయాను. చీటీ రాయలేదు.

చీటీ లేదు కాబట్టి ఆయన వరకు ఏమీ జరగలేదు. బస్టాండు వైపు బోర్డు కింద కొయ్యబారిపోయి నిలబడ్డ ఆటగాళ్ళని చూసి, "ఎంత ధీమాగా ఉన్నారో చూడండి, కప్పు ఇంటికెళ్ళిపోయినట్టే, ఇంక నవ్వడమే తరువాయి" అని హుషారుగా చెప్పుకుపోతున్నారు. అంత నిశ్శబ్దంలో ఆ గొంతు ఒక్కటే. గ్యాలరీలోంచి ఒక తల్లి ఏడుపు లేచింది. జనం తలలు ఒక్కటొక్కటే మా బల్ల వైపు తిరిగాయి.

ఆయన మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఏమైందమ్మాయ్, ఎందుకింత నిశ్శబ్దం?" అన్నారు మెల్లగా.

"సముద్రం వైపు... తొమ్మిదో నెంబరు పడిపోయాడండీ. మోకాలు."

ఆయన తిరిగారు. తల ఒక్కటే కాదు, నడుము దగ్గర్నుంచి మొత్తం తిరిగారు. బోర్డు, కింద పడున్న మనిషి, చుట్టూ మూగినవాళ్ళు, వాళ్ళ వెనక రెపరెపలాడుతున్న జెండాలు, అన్నీ చూశారు. అవన్నీ అక్కడికి ఎప్పుడొచ్చాయన్నట్టు చాలాసేపు చూశారు. తర్వాత నా ముందున్న చీటీల కట్ట వంక చూశారు. మైకు నా ముందుకి జరిపారు.

"చూసింది చెప్పు" అన్నారు.

చెప్పాను. ఏం చెప్పానో ఒక్క ముక్క గుర్తులేదు. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

రెండు రోజులకి స్కానింగ్ తీశారు. తలలో కుడి పక్క, వెనక భాగంలో నిమ్మకాయంత గడ్డ ఉంది. కళ్ళకి ఏమీ కాలేదట. ఎడమ పక్క ఉన్నదంతా మెదడు వదిలేస్తుందట, వదిలేసినట్టు ఆ మనిషికి తెలియదట. "ఆయనకి తెలియదు గానీ పక్కనున్నవాళ్ళకి తెలుస్తుంది. నాలుగు నెలల ముందు తీసుకొచ్చుంటే మా చేతిలో ఏదన్నా ఉండేది. మీరెవరూ గమనించలేదా?" అని డాక్టరు గారు మమ్మల్నిద్దర్నీ అడిగారు. అత్తయ్య గారు కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూశారు. నేనూ నేలే చూశాను. పాపం ఆవిడకేం తెలుసు, నా మూలాన ఆవిడ తల దించుకోవాల్సి వచ్చింది అనుకున్నాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం మొవ్వ నుంచి బందరు వెళ్ళేదాన్ని. మంచానికి కుడి పక్క కుర్చీ వేసుకునేదాన్ని. "అటు పక్క ఏముందో చెప్పు" అనేవారు. చెప్పేదాన్ని. కిటికీ ఉందండీ, తెరిచే ఉంది. పక్కింటావిడ దండెం మీద దుప్పట్లు ఆరేసింది. గోడ మీద పిల్లి నడుస్తోంది. "ఎటునుంచి వచ్చింది?" అని అడిగేవారు, అచ్చం వాళ్ళ అమ్మమ్మలాగే. బస్టాండు వైపు నుంచి వచ్చిందండీ, సముద్రం వైపు పోతోంది. వారం వారం ఆ ఖాళీ కొంచెం కొంచెం కుడికి జరిగింది. మొదట కిటికీ పోయింది. తర్వాత గోడ మీది జట్టు ఫోటో పోయింది. ఎదురుగా ఉన్న తలుపు కూడా నేనే చెప్పాల్సి వచ్చింది. చివరికి ఆ గదిలో ఆయనకి మిగిలింది నేను కూర్చున్న కుర్చీ ఒక్కటే. దాని దాకా ఎప్పుడొస్తుందా అని ఆదివారం బస్సెక్కినప్పుడల్లా లెక్క వేసుకునేదాన్ని.

శ్రావణంలో ఒక ఆదివారం అడిగారు. "ఎప్పుడు కనిపెట్టావమ్మాయ్?"

"ఆ ఫైనల్ రోజేనండీ" అన్నాను.

పటికబెల్లం ముక్క ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి జరిగింది.

"సరే. పిల్లి వచ్చిందా?"

"రాలేదండీ" అన్నాను. ఆ పూట నేను చెప్పిన నిజం అదొక్కటే.

మళ్ళీ కార్తీకం వచ్చింది, ఆయన వెళ్ళిపోయారు. పదకొండో రోజు పొద్దున్నే బందరు బస్సెక్కాను. అత్తయ్య గారిని పక్కకి తీసుకెళ్ళి, కుర్చీ మార్చిన రోజునుంచి మొత్తం చెప్పేయాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. ఆవిడ నన్ను గుమ్మంలోంచి గెంటేసినా సరేననుకున్నాను. ఆయన తమ్ముడి కొడుకు కర్మ చేశాడు. హాల్లో ఫోటో పెట్టి దండ వేశారు. ఆటగాడి ఫోటో కాదు, మైకు ముందు కూర్చున్నది. దాని ముందు ఆకు వేసి ఆయనకి ఇష్టమైనవన్నీ వడ్డించారు. చింతకాయ పచ్చడి ఆయన ఎడమ చేతి వైపు పడింది. తర్వాత అందరం బయటికి వచ్చేశాం, తలుపు దగ్గరగా వేశారు. పోయినవాళ్ళు వచ్చి తిని వెళ్తారని మా వైపు నమ్మకం, అంతసేపూ ఎవరూ లోపలికి వెళ్ళకూడదు.

అందరూ వాకిట్లో కూర్చుని ఆయన మాటలే చెప్పుకుంటున్నారు. కాసేపటికి చూస్తే అత్తయ్య గారు లేరు. తలుపు కొద్దిగా తెరిచి ఉంది. ఒంటరిగా దొరికారు, ఇదే సమయమనుకుని నేనూ లోపలికి వెళ్ళాను.

ఆవిడ ఫోటో ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. రెండు చేతులతో ఆకు అంచులు పట్టుకుని, పాయసం ఒలకకుండా, మెల్లగా, అటుది ఇటు వచ్చేలా తిప్పుతున్నారు.

"అత్తయ్య గారూ" అన్నాను.

ఆవిడ వెనక్కి తిరగలేదు. "సగం అయ్యాక తిప్పాలమ్మా. లేకపోతే ఇటు పక్కవి ముట్టుకోరు, అలాగే లేచిపోతారు."

"ఎప్పటినుంచండీ?"

"పోయిన ఏడు కార్తీకం నుంచి. ఆయన చూడకుండా కంచం తిప్పేసేదాన్ని. ఆ టోర్నమెంటు మీద ఎంత ఆశ పెట్టుకున్నారో నీకు తెలుసుగా. అయ్యాక తీసుకెళ్దాంలే అనుకున్నాను." కొంచెం ఆగారు. "నువ్వు పక్కనే ఉంటావు కదా. ఏమన్నా ఉంటే నీకు కనపడుతుంది, నువ్వు వచ్చి చెప్తావు అనుకున్నాను."

వెళ్ళి ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను.

"కార్తీకంలోనే నేను కుర్చీ మార్చానండీ" అన్నాను. "ఎడమ పక్కనుంచి కుడి పక్కకి."

ఆవిడ చేతులు ఆకు మీద ఆగిపోయాయి. నా వంక తిరిగి చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత వంగి, తిప్పుతున్న ఆకుని పూర్తిగా తిప్పి, నేల మీద సరిగ్గా పెట్టారు.

బయట ఎవరో ఆయన గొంతు అనుకరించి చెప్తుంటే జనం నవ్వుతున్నారు. చింతకాయ పచ్చడి ఇప్పుడు ఆయన కుడి చేతి దగ్గర ఉంది. మేమిద్దరం ఆ పక్కనే కూర్చున్నాం.